పాత సోవియట్ ఫ్యాక్టరీలో ప్రాసెస్ మార్చాలంటే ముందు స్టోర్‌లో కూర్చోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: హైదరాబాద్‌లో మూడేళ్ళుగా ఈఆర్‌పీ (కంపెనీ కొనుగోళ్ళు, స్టాక్, లెక్కలు అన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్) కన్సల్టెంట్‌గా చేస్తున్నారు, ఇప్పుడు మిమ్మల్ని తాష్కెంట్ దగ్గర సోవియట్ కాలం నాటి ఒక పంపుల ఫ్యాక్టరీకి పంపిస్తున్నారు, అక్కడి మేనేజ్‌మెంట్ బిజినెస్ ప్రాసెస్ రీఇంజనీరింగ్, అంటే పని జరిగే పద్ధతుల్ని మొదటి నుంచి మార్చెయ్యడం, కావాలంటోంది, మీ ప్రాజెక్ట్ మేనేజరేమో పాత ప్రాసెస్‌లు చూడనక్కర్లేదు, తెల్ల కాగితం మీద కొత్తగా గీసుకుందాం అంటున్నాడు. అది అక్కడ నడుస్తుందా, లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్తా. నడవదు. ప్రెజెంటేషన్‌లో బ్రహ్మాండంగా ఉంటుంది, గో-లైవ్ రోజు, అంటే కొత్త సిస్టమ్ మొదలయ్యే రోజు, కేక్ కూడా కోస్తారు, ఆరు నెలలాగి వెళ్ళి చూస్తే పాత పద్ధతి మొత్తం సిస్టమ్ బయట, ఎక్సెల్‌లోనూ నోటు పుస్తకాల్లోనూ హాయిగా నడుస్తూ ఉంటుంది. అక్కడి ఫ్యాక్టరీల్లో మీకు పిచ్చిగా కనిపించే ప్రతి సంతకం వెనకాల ఎవరిదో ఒకరి భయం ఉంటుంది. ఆ భయం ఎవరిదో, దేనికో కనుక్కోకుండా సంతకం తీసేస్తే భయం అలాగే ఉంటుంది, ఇంకో కాగితం రూపంలో తిరిగొస్తుంది. అందుకే ముందు స్టోర్‌లో, అంటే ఫ్యాక్టరీ సరుకు ఉండే గోదాంలో, కూర్చోండి అంటున్నా, కాన్ఫరెన్స్ రూమ్‌లో కాదు.

నేను 2005 నుంచి ఈ పనిలో ఉన్నా. ఎక్కువ భాగం రష్యాలో వోల్గా వైపు, తర్వాత కజకిస్తాన్, కొంతకాలం వియత్నాం, 2019లో ఉజ్బెకిస్తాన్ ఒక ఎనిమిది నెలలు. ఇంకో సంగతి కూడా చెప్పాలి, మా నాన్న రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో చేసి రిటైరయ్యారు. ఆ ఫ్యాక్టరీ చెకోస్లొవేకియా సాయంతో కట్టిందే. ఇండెంటు, గేట్ పాసు, నోట్ షీటు, "ఆడిట్ వాళ్ళు అడుగుతారు" అనే మాట, ఇవన్నీ చిన్నప్పటి నుంచి అన్నం తింటూ వింటూ పెరిగినవే. రష్యాలో మొదటిరోజు ఫ్యాక్టరీ తిరుగుతుంటే కొత్త ప్లేస్‌కి వచ్చినట్టే అనిపించలేదు, భాష ఒక్కటే తేడా. మీ ఇంట్లో కూడా ఇలాంటి కంపెనీలో పనిచేసిన పెద్దవాళ్ళుంటే వెళ్ళేముందు ఒక సాయంత్రం వాళ్ళతో కూర్చోండి, ట్రైనింగ్ మెటీరియల్ కన్నా ఎక్కువ ఉపయోగం.

ఇక హామర్ విషయం, ఎందుకంటే మీ మేనేజర్ చెప్పేది అక్కడి నుంచే వచ్చింది. రీఇంజనీరింగ్ అనే మాటని పాపులర్ చేసిన అమెరికన్ మైకేల్ హామర్ 1990లో రాసిన వ్యాసంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ ఫోర్డ్‌ది. ఫోర్డ్‌లో సప్లయర్ల బిల్లులు చూసే డిపార్ట్‌మెంట్‌లో ఐదొందల మందికి పైగా ఉండేవాళ్ళు, మాజ్దాలో అదే పనికి ఐదుగురు. ఫోర్డ్ ఏం చేసిందంటే అసలు ఇన్వాయిస్సే వద్దంది. ఆర్డర్ కంప్యూటర్‌లో ఉంది, సరుకు వచ్చింది, రెండూ సరిపోయాయి, డబ్బు పంపెయ్. డిపార్ట్‌మెంట్‌లో మనుషులు మూడొంతులు తగ్గారు. చాలా గొప్ప పని, నేను కాదనట్లేదు.

కానీ ఇదే రష్యాలో పెట్టి చూడండి. అక్కడ వ్యాట్ మినహాయింపు రావాలంటే సప్లయర్ ఇచ్చే ట్యాక్స్ ఇన్వాయిస్, దాన్ని షోత్ ఫక్తూర అంటారు, అది పద్ధతి ప్రకారం చేతిలో ఉండాలి. అది లేకపోతే ట్యాక్స్ వాళ్ళు కొనుగోలు మీద కట్టిన వ్యాట్ వెనక్కి ఇవ్వరు. మరి ఇన్వాయిస్ తీసేసే ప్రాసెస్ ఎలా పెడతారు? మనకి జీఎస్టీ వచ్చాక ఇది ఈజీగా అర్థమవుతుంది, సప్లయర్ ఫైల్ చెయ్యకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ ఆగిపోయి మన అకౌంట్స్ వాళ్ళు ఎలా ఫోన్లు కొడుతుంటారో చూస్తూనే ఉన్నాం కదా. ఇంకోటి, ఫోర్డ్‌లో సరుకు వచ్చాక డబ్బు వెళ్తుంది, నేను పనిచేసిన చోట డబ్బు వెళ్ళాకే సరుకు కదిలేది. తొంభైల్లో రష్యాలో ఎవరూ ఎవరికీ డబ్బులు కట్టని రోజులు నడిచాయి, 1998 నాటికి ఇండస్ట్రీ అమ్మకాల్లో దాదాపు సగం బార్టరే, అంటే ట్రాక్టర్లకి బదులు సిమెంటు, సిమెంటుకి బదులు కరెంటు. ఆ దెబ్బ తిన్న సప్లయర్ వంద శాతం అడ్వాన్స్ లేకుండా లారీ కదిలించడు. ఆర్డరు, రసీదు, బిల్లు మూడూ పోల్చి పేమెంట్ ఇచ్చే స్టాండర్డ్ శాప్ (SAP అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్) పద్ధతి అక్కడ తలకిందులుగా నిలబడాలి.

ఇప్పుడు నా సొంత కథ. 2006, వోల్గా ఒడ్డున ఒక మెషిన్ పార్టుల ఫ్యాక్టరీ. ఒక బేరింగ్ కొనాలంటే రిక్వెస్ట్ వెనకాల ఒక షీట్ అంటించి ఉండేది, లిస్త్ సగ్లసవానియా అంటారు, అంటే ఒప్పుకోలు కాగితం. దానిమీద 14 సంతకాలు. షాపు (ఫ్యాక్టరీలో ఒక్కో తయారీ విభాగాన్ని షాపు అంటారు) ఫోర్‌మన్, షాపు హెడ్, చీఫ్ మెకానిక్, ప్లానింగ్, లీగల్, సెక్యూరిటీ, ఇలా పోతుంది. సగటున మూడు వారాలు. మేం కుర్రాళ్ళం, ఉత్సాహం ఎక్కువ, 14ని 4 చేశాం, వర్క్‌ఫ్లో సిస్టమ్‌లో పెట్టాం, డైరెక్టర్ గారు మీటింగ్‌లో చప్పట్లు కొట్టించారు. మూడు నెలల తర్వాత పేమెంట్లు మళ్ళీ ఆగడం మొదలైంది. ఏంటా అని చూస్తే ప్రతి ఆర్డర్‌కీ సిస్టమ్ అప్రూవల్ వచ్చాక కూడా పక్కన ఒక తెల్ల కాగితం మీద మెమో రాసి, మిగతా 10 మంది చేత సంతకాలు పెట్టించి, చీఫ్ అకౌంటెంట్ దగ్గర ఫైల్ చేస్తున్నారు. ఆవిడ ఆ మెమో లేకుండా బ్యాంకుకి కాగితం పంపట్లేదు.

నాకు కోపం వచ్చింది, ఆవిడ మార్పుకి అడ్డుపడుతోంది అని రిపోర్ట్‌లో రాశాను కూడా. మా రష్యన్ కొలీగ్ ఒకతను ఆ రాత్రి టీ తాగుతూ చెప్పాడు, నువ్వు చట్టం చదివావా అని. చదవలేదు. అక్కడ 1996 నాటి అకౌంటింగ్ చట్టంలో చీఫ్ అకౌంటెంట్ సంతకం లేని డబ్బు కాగితాలేవీ చెల్లవు అని ఉండేది (2013 జనవరి నుంచి కొత్త చట్టం వచ్చాక ఆ ముక్క పోయింది). అంటే డైరెక్టర్ మారినా, ఓనర్ మారినా, ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని జవాబు చెప్పాల్సింది ఆవిడే. మేం తీసేసిన 10 సంతకాలు ఆవిడకి సాక్ష్యాలు. "నేనొక్కదాన్నే ఒప్పుకోలేదు, వీళ్ళందరూ ఒప్పుకున్నారు" అని చూపించుకోవడానికి. మేం ఆవిడ దగ్గర గొడుగు లాక్కుని, వానలో ఎందుకు తడవట్లేదు అని అడిగినట్టయింది.

తర్వాత ఏం చేశామంటే సంతకాలు తగ్గించే మాట పక్కనపెట్టి ఆవిడతో రెండు రోజులు కూర్చున్నాం. గత ఐదేళ్ళలో ట్యాక్స్ వాళ్ళు నిజంగా పట్టుకున్నవి ఏంటి, ఒక్కొక్కటీ బయటికి తీయించాం. అన్నీ కలిపి మూడే రకాలు తేలాయి. సప్లయర్ ఇన్వాయిస్‌లో సంతకమో అడ్రసో తప్పు, సప్లయర్ ఉత్తుత్తి కంపెనీ, సరుకు తీసుకోడానికి వెళ్ళినవాడి దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ లేదు. ఆ మూడింటికీ సిస్టమ్‌లో గట్టి చెక్ పెట్టాం, సప్లయర్‌ని మొదటిసారి తీసుకునేటప్పుడు రిజిస్ట్రేషన్ కాగితాలు స్కాన్ చెయ్యకపోతే ఆర్డరే పుట్టదు. ఆ తర్వాత మెమోలు ఆవిడే ఆపించింది, మేం అడగలేదు. సంతకాలు 14 నుంచి 6కి వచ్చి ఆగాయి. 4 అవ్వలేదు. పర్లేదు, మూడు వారాలు కాస్తా నాలుగైదు రోజులయింది.

వియత్నాంలో కూడా ఇదే పాత్ర ఉంటుంది, చీఫ్ అకౌంటెంట్ అనేది అక్కడ చట్టం గుర్తించిన పోస్టు, దానికి సర్టిఫికెట్ ఉండాలి. పేర్లు వేరు, కుర్చీ అదే. మీరు వెళ్ళేచోట కూడా డైరెక్టర్‌ని కలిసిన రోజే ఆ మనిషిని కలవండి, ప్లీజ్. చేతిలో స్వీట్ల డబ్బాతో వెళ్ళినా తప్పులేదు.

ఇక స్టోర్. ఇది నాకు ఇష్టమైన సబ్జెక్ట్ కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా.

అదే ఫ్యాక్టరీలో సిస్టమ్ ప్రకారం ఒక సైజు బేరింగ్‌లు 400. బార్‌కోడ్ పెట్టే ముందు ఫిజికల్ కౌంట్ చేద్దామని వెళ్తే స్టోర్‌కీపర్, యాభై దాటిన ఆవిడ, భుజాల మీద బూడిదరంగు శాలువా, లోపల హీటర్ ఉన్నా చలే, నాతో మాట్లాడకుండా డ్రాయర్ లాగి ఒక నోటు పుస్తకం తీసింది. అట్ట ఊడిపోతే దారంతో కుట్టుకుంది. పెన్సిల్‌తో రాతలు, రబ్బరుతో తుడిపి తుడిపి కాగితం పల్చబడిపోయింది. మన ఊళ్ళో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం గుర్తొచ్చింది. ఆ పుస్తకంలో అదే బేరింగ్ 1,100. వెనక రాక్‌లో, పాత టార్పాలిన్ కింద, నిజంగానే ఉన్నాయి.

మా టీమ్‌లో ఒకతను వెంటనే "దొంగతనం" అన్నాడు. కాదు. సోవియట్ లెక్కలో ప్రతి షాపుకీ నెలకి ఇంత మెటీరియల్ అని లిమిట్ కార్డు ఉంటుంది, షాపులు ఎందుకైనా మంచిదని పూర్తి లిమిట్ తీసేసుకుంటాయి, వాడనిది చడీచప్పుడు లేకుండా స్టోర్‌లో వదులుతాయి, మళ్ళీ కాగితం రాస్తే వచ్చే నెల లిమిట్ తగ్గిస్తారు కాబట్టి రాయరు. ఇటు స్టోర్‌కీపర్ ఉద్యోగంలో చేరేటప్పుడే పూర్తి ఆర్థిక బాధ్యత నాదే అని ఒప్పందం మీద సంతకం పెడుతుంది, సరుకు తక్కువొస్తే ఆవిడ జేబులోంచే. ఎక్కువుంటే ఎవరూ అడగరు, తక్కువైతే మాత్రం ప్రాణం మీదకొస్తుంది. మీరైతే ఏం చేస్తారు? నేనైనా 700 టార్పాలిన్ కిందే దాస్తా.

పైగా ఆ 700 వల్లే ఫ్యాక్టరీ నడుస్తోంది. కొనుగోలుకి మూడు వారాలు పట్టేచోట లైన్ ఆగకుండా చూస్తున్నది ఆ టార్పాలినే. మనం ఇన్వెంటరీ తగ్గిద్దాం, జస్ట్ ఇన్ టైమ్, అంటే సరుకు అవసరమైనప్పుడే తెప్పించుకోవడం, చేద్దాం అని మొదట ఇక్కడ చెయ్యి పెడితే లైన్ ఆగుతుంది, నింద కొత్త సిస్టమ్ మీదకొస్తుంది. ముందు కొనుగోలు టైమ్ తగ్గించాలి, ఆ తర్వాతే స్టాక్. ఈ వరస తప్పితే ఇంక ఏం చేసినా కోలుకోదు. మేం ఇంకో పని చేశాం, డైరెక్టర్ చేత ఒక ఆర్డర్ ఇప్పించాం: ఫలానా తారీకు లోపల ఎక్కువున్న సరుకు ఎంత చూపించినా ఎవరినీ ఏమీ అడగం, లిమిట్ తగ్గించం అని. మొదటి వారం ఎవరూ నమ్మలేదు. ఆ శాలువా స్టోర్‌కీపర్ ఒక బేరింగ్ సైజు మాత్రం చూపించి పది రోజులు ఆగింది, ఏమైనా అవుతుందా అని. ఏమీ కాలేదు. అప్పుడు పుస్తకం మొత్తం ఇచ్చింది, చివరి రెండు వారాల్లో వచ్చిన స్టాక్ చూసి ఫైనాన్స్ వాళ్ళు నోరెళ్ళబెట్టారు. ఆ డేటా మా వర్క్‌షాపుల్లో వందేళ్ళయినా వచ్చేది కాదు.

ప్రొడక్షన్ గురించి తొందరగా చెప్తా. రష్యన్ ఫ్యాక్టరీల్లో ఒక జోకు ఉంది, నెలలో మొదటి పది రోజులు నిద్ర, రెండో పది రోజులు ఒళ్ళు విరుచుకోవడం, మూడో పది రోజులు జ్వరం. నెలాఖరుకి ప్లాన్ అందుకోవాలి కాబట్టి చివర్లో ఓవర్‌టైమ్ మీద ఓవర్‌టైమ్. మేం షెడ్యూలింగ్ మొత్తం మార్చి రోజువారీగా సమం చేశాం, గ్రాఫ్ మాత్రం రెండు నెలల్లో మళ్ళీ అదే ఆకారం. ఎందుకంటే ఫోర్‌మన్ బోనస్ నెల ప్లాన్ శాతం మీదే ఉంది, మేం దాన్ని ముట్టుకోలేదు, అది హెచ్ఆర్ పరిధి అన్నారు. బోనస్ లెక్క మీ స్కోప్‌లో లేకపోతే ప్రొడక్షన్ ప్రాసెస్ కూడా స్కోప్‌లోంచి తీసెయ్యండి. ఇది కాంట్రాక్ట్ సైన్ అయ్యేముందే మీ మేనేజర్‌కి చెప్పండి, తర్వాత చెప్తే చేతులెత్తేశారంటారు.

మనుషుల్ని తీసేయడం. రీఇంజనీరింగ్ అనే మాట వింటేనే అక్కడివాళ్ళకి గుర్తొచ్చేది ఇదే, అమెరికాలో కూడా అంతే అయింది. ఒక ఊరు మొత్తం ఒక ఫ్యాక్టరీ మీద బతికేచోట్లు చాలా ఉన్నాయి, రష్యాలో వాటికి మోనోగోరద్ అని పేరే ఉంది. 2009లో పికల్యోవో అనే చిన్న ఊళ్ళో ఫ్యాక్టరీలు ఆగిపోయి, జీతాలు రాక జనం హైవే దిగ్బంధం చేస్తే అప్పటి ప్రధాని పుతిన్ స్వయంగా వెళ్ళి, ఓనర్ దెరిపాస్కా చేత టీవీ కెమెరాల ముందు కాగితం మీద సంతకం పెట్టించాడు. మీ ప్రెజెంటేషన్‌లో "హెడ్‌కౌంట్ సేవింగ్స్" అని ఒక్క స్లైడ్ ఉన్నా అది మీటింగ్ అవ్వకముందే షాప్ ఫ్లోర్‌కి చేరుతుంది, ఆ రోజు నుంచి మీకు ఒక్క నిజం కూడా ఎవరూ చెప్పరు. ఆదా చూపించాల్సొస్తే రోజుల్లో చూపించండి, స్టాక్‌లో చూపించండి.

పెద్ద మార్పు అసలు సాధ్యం కాదా అంటే, అయింది. చెక్ కార్ల కంపెనీ స్కోడా చూడండి. 1991లో ఫోక్స్‌వ్యాగన్ వచ్చింది, ముందు కొంత వాటా, 2000కల్లా మొత్తం. వాళ్ళు చేసిన పనుల్లో నాకు నచ్చింది ఏంటంటే జర్మన్ మేనేజర్‌నీ చెక్ మేనేజర్‌నీ ఒకే పోస్టులో జంటగా కూర్చోబెట్టడం, టాండెమ్ అనేవాళ్ళు. ఒకరికి కొత్త పద్ధతి తెలుసు, ఇంకొకరికి టార్పాలిన్ కింద ఏముందో తెలుసు. 1996లో ఆక్టావియా కారు కోసం మ్లాదా బోలెస్లావ్‌లో కట్టిన ప్లాంట్‌లో ఆఫీసుల్ని అసెంబ్లీ లైన్ మధ్యలోంచి పోయేలా పెట్టారు, ఇంజనీరు కిందకి చూస్తే లైన్ కనిపిస్తుంది. కానీ దాని వెనకాల కొత్త మోడల్ ఉంది, పెట్టుబడి ఉంది, బయట మార్కెట్ ఉంది, దశాబ్దం టైమ్ ఉంది. మీకు ఉన్నది తొమ్మిది నెలల ప్రాజెక్టు, నలుగురు కన్సల్టెంట్లు, ఒక దుబాసీ. ఆ జంట పద్ధతి మాత్రం ఫ్రీగా కాపీ కొట్టొచ్చు, ప్రతి మాడ్యూల్‌కీ (సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో భాగానికీ) లోకల్ మనిషి పేరు మీ పేరు పక్కన రాయించండి.

ఉజ్బెకిస్తాన్‌కి వస్తే మీకొక అడ్వాంటేజ్ ఉంది. అక్కడ ప్రాసెస్‌లో చాలా మెట్లకి కారణం 2017లోనే చచ్చిపోయింది. ఆ ఏడు సెప్టెంబర్ 5 దాకా కంపెనీలు సోమ్‌ని (అక్కడి కరెన్సీ) డాలర్లుగా మార్చుకోవాలంటే క్యూ, పర్మిషన్లు, నెలల తరబడి ఎదురుచూపు. ఆ రోజు అఫీషియల్ రేటు సుమారు 4,200 నుంచి ఒక్కసారిగా 8,100కి వదిలేశారు, మార్చుకోవడం ఓపెన్ అయింది. నేను 2019లో వెళ్ళిన ఫ్యాక్టరీలో ఇంపోర్ట్ కొనుగోలుకి అప్పటికీ ఐదు కాగితాలు ఆ కన్వర్షన్ క్యూ కోసమే తయారవుతున్నాయి, క్యూ పోయి రెండేళ్ళయినా. ఎందుకు అని అడిగితే "నె పలోజెనో" అన్నారు, అంటే అవి లేకుండా చెయ్యకూడదు, రూల్ కాదు అని. ఏ రూల్ అంటే ఎవరికీ తెలీదు. ఈ మాట మీరు రోజుకి ఇరవైసార్లు వింటారు. విన్నప్పుడల్లా వాదించకండి, ఏ తారీకు ఉత్తర్వు అని మర్యాదగా అడిగి రాసుకోండి. ఉత్తర్వు దొరికితే ఆ మెట్టు ఉంచాలి, దొరకకపోతే లీగల్ వాళ్ళ చేత ఇప్పుడు అవసరం లేదని రాయించి తీసెయ్యాలి. మేం ఐదులో నాలుగు అలా తీశాం, ఒక్క గొడవ లేదు. ఎందుకంటే అక్కడ భయం లేదు, అలవాటే మిగిలింది. మీ మొదటి రెండు నెలలూ ఇలా కారణం పోయి మెట్టు మిగిలిన చోట్లు వెతకండి, పేరు కూడా వస్తుంది, తర్వాత కష్టమైనవి ముట్టుకునేటప్పుడు ఆ పేరు పనికొస్తుంది.

కాగితాల మీద కంపెనీ స్టాంపుల గురించి కింద కామెంట్లలో ఎవరో అడిగారు. రష్యాలో 2015 ఏప్రిల్‌లో చట్టం మార్చి కంపెనీలకి గుండ్రటి స్టాంపు తప్పనిసరి కాదన్నారు. ఆ తర్వాత కూడా స్టాంపు లేని కాగితం తీసుకోని సప్లయర్లు నాకు బోలెడుమంది తగిలారు. మీ ప్రాసెస్ మీ గేటు దగ్గర ఆగిపోదు, అవతలివాడి భయం కూడా లెక్కలో వేసుకోవాలి. సిస్టమ్ ప్రింట్‌లో స్టాంపుకి ఖాళీ చోటు వదలండి, ఏం పోతుంది.

భాష విషయం ఒకటి. ఫ్యాక్టరీ ఆఫీసుల్లో రష్యన్ ఇంకా బాగానే నడుస్తుంది, షాప్ ఫ్లోర్ మీద ఉజ్బెక్. మీరేం చెప్పినా "ఖోప్" అంటారు, సరే అని అర్థం. మన ఊళ్ళో పెద్దవాళ్ళు మాట పోకుండా "చూద్దాం లేవయ్యా" అంటారే, చాలాసార్లు అది అంతే. ఒప్పుకున్నారని మినిట్స్‌లో రాసేసుకోకండి. ఎవరు, ఎప్పటికి, ఏ కాగితం ఆపేస్తున్నారు అని మళ్ళీ అడగండి, చాయ్ రెండో కప్పు దగ్గర.

ఒక్కటి మీరు రాయలేదు, ఆ ఫ్యాక్టరీలో ప్రభుత్వ వాటా ఇంకా ఉందా, పూర్తిగా ప్రైవేటా? ప్రభుత్వ వాటా ఉంటే నేను పైన చెప్పిన డైరెక్టర్ ఆర్డర్ ట్రిక్ మీద ఎక్కువ ఆధారపడకండి. కజకిస్తాన్‌లో మాకు అలాంటి ఆర్డర్ ఇచ్చిన డైరెక్టర్ గారు నాలుగో నెలలో మారిపోయారు, కొత్తాయన వచ్చిన వారానికి, నిజం చెప్పి ఎక్స్‌ట్రా స్టాక్ చూపించిన ముగ్గురు స్టోర్‌కీపర్లకి నోటీసులు వెళ్ళాయి. మేం ఏమీ చెయ్యలేకపోయాం, ఆ ముగ్గురి ముఖం చూడలేక గేటు దాకా వేరే దారిలో నడిచేవాళ్ళం. అందుకని ఆ ఆర్డర్ బోర్డు స్థాయిలో ఇప్పించే వీలుందా లేదా అన్నది ముందు కనుక్కోండి, లేదంటే స్టోర్‌వాళ్ళని ఆ పుస్తకం బయటపెట్టమని అడగొద్దు. వివరాలు రాస్తే మిగతాది చెప్తా.